దండము – సర్పము – ఔషధము

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు పోవు మార్గమున శిరివెళ్ల నడిమి మజిలీ. అహోబిల యాత్రికులు తఱుచు ఈ దారినే పోవుదురు. వారి యెడమ ప్రక్కన, తూర్పుదిక్కున, నల్లమల కొండలబారు దారి పొడుగునను తోడు వచ్చుచుండును. ఆ కొండలబారు శయనించియున్న ఆదిశేషుని శరీరమని పెద్దల మాట. తిరుమల ఆతని పడగ, అహోబిలము నడుము, శ్రీశైలము తోక. పడగపై శ్రీనివాసుడును, నడుమున శ్రీనృసింహస్వామియు, తోకపై మల్లికార్జునుడును వేంచేసియున్నారు. శిరివెళ్ల రైతు తెల్లవాఱి తూర్పునకు తిరిగి దండము పెట్టినచో ఆ దండము సూర్యునికిని శేషునికిని ఒక్కసారే చెందును.

అదే మార్గమున నేడు మఱియొక సర్పము కనబడుచున్నది. మందుల దుకాణముల పలకలమీద, వైద్యశాలల గోడలమీద, అంబులెన్సు బండ్లమీద, నిలువుగా నున్న యొక కఱ్ఱయు దానిని చుట్టుకొని పైకి ప్రాకిన పామును చిత్రింపబడియుండును. 1948లో సమావేశమైన ప్రథమ ప్రపంచ ఆరోగ్య సభ ఆ గుర్తునే ప్రపంచ ఆరోగ్య సంస్థ చిహ్నమునందు నిలిపినది. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆరంభమైనది. అచ్చట చదువు బాలబాలికలకును ఈ గుర్తు నిత్యపరిచితమే.

కాని కె.సి. కాలువ క్రింది వరిమళ్లలో కలుపు తీయు స్త్రీ పామును చూచి వెనుకకు గంతువేయును. ప్రాణము తీయునని లోకము భయపడు జీవిని ప్రాణము నిలుపు విద్యకు గుర్తుగా నేల యుంచిరి? ఇంటిలోని పసివాడు ఈ ప్రశ్న నడిగినప్పుడు పెద్దలు చెప్పదగిన సమాధానమేది? దానిని విచారించుటయే ఈ వ్యాసమున కుద్దేశము.

చిహ్నము పుట్టిన చోటు

ఈ దండసర్ప చిహ్నము గ్రీకుదేశమునుండి వచ్చినది. ఆ దేశీయుల పురాణములలో ఆస్‌క్లీపియస్ అను వైద్యదేవత కలడు. ఆతడు అపోలో దేవుని కుమారుడు. సగము మనుష్యరూపము, సగము అశ్వరూపము గల కైరాన్ అను గురువువద్ద వైద్యము నేర్చెను. ఆ విద్య పరాకాష్ఠ నందుటచే మృతులను సైతము బ్రతికింప నారంభించెను. అది లోకమర్యాదకు భంగమని యెంచి, దేవతలకు రాజైన జ్యూస్ వజ్రపాతముచే నాతనిని సంహరించెనట.

ఎపిడారస్ అను పట్టణమున ఆతనికి ప్రసిద్ధమైన ఆలయ ముండెను. రోగులు అచ్చటికి పోయి, స్నానాది నియమముల నాచరించి, రాత్రి ఆలయమందే నిద్రించెడివారు. స్వప్నమున దేవుడు చికిత్స తెలుపునని వారి విశ్వాసము. విషములేని జాతి పాములను ఆ ప్రాంగణమున పవిత్రములుగా పోషించెడివారు. క్రీ.పూ. 293లో రోము నగరమున మహామారి చెలరేగగా, ఆ నగరవాసులు ఎపిడారసునకు ఓడ పంపి ఆ దేవుని సర్పమును తెచ్చుకొనిరనియు, అది టైబరు నదిలోని లంకపై దిగినందున క్రీ.పూ. 291లో అచ్చట ఆలయము ప్రతిష్ఠితమైనదనియు వారి చరిత్రకారులు వ్రాసిరి.

పాము కుబుసము విడిచి క్రొత్త చర్మముతో వెలువడును. రోగి జబ్బును విడిచి లేచుటకు అది సాదృశ్యము. కఱ్ఱ ఊరూర తిరుగు వైద్యుని చేతి ఊత. నిలువలేని రోగికిని అదియే ఊత. ఇది సామాన్యముగా చెప్పు వ్యాఖ్యానము.

వేఱొక అభిప్రాయమును కలదు. మన పెద్దలు నారికురుపని పిలిచిన వ్యాధిలో సన్నని పొడవైన పురుగు కాలి పుండునుండి వెలువడెడిది. దానిని తెంపక, చిన్న పుల్లకు చుట్టి, దినమునకు కొంచెము కొంచెముగా లాగుటయే పూర్వచికిత్స. ఆ పుల్లయు పురుగుమే ఈ చిహ్నమునకు మూలమని కొందఱు ఊహించిరి. ఇది ఊహయేకాని నిర్ణయము కాదు. అయినను ఆంధ్రదేశపు వృద్ధులకు ఆ బాధ క్రొత్త కాదు. దిగుడుబావులలో దిగి త్రాగిన నీటివలన వచ్చిన ఆ వ్యాధి ఆంధ్రప్రదేశముతోపాటు పలు రాష్ట్రములను పీడించినది. నీళ్లు వడగట్టి త్రాగుట, బావులను బాగుచేయుట మున్నగు యత్నములచే అది భారతదేశమునుండి తొలగినట్లు 2000వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపఱచినది.

రెండు పాముల కోల

ఈ చిహ్నమును మఱియొక దానితో కలిపి పొరబడుట లోకమున తఱుచు. కొన్ని వైద్యశాలలపైన ఒక కోలకు రెండు పాములు మెలివేసికొని, పైన రెండు రెక్కలుండు గుర్తు కనబడును. అది ఆస్‌క్లీపియస్ దండము కాదు. అది హెర్మీస్ అను దేవదూత చేతికోల. ఆ దేవత వార్తాహరులకును, బాటసారులకును, వర్తకులకును, చివరకు దొంగలకును అధిదేవత. 1902లో అమెరికా సైన్యపు వైద్యదళము ఆ కోలను తమ గుర్తుగా గ్రహించినది. అప్పటినుండి ఈ పొరబాటు మిక్కిలి వ్యాపించినది. మన గ్రామములలో రావి వేప చెట్ల క్రింద ప్రతిష్ఠించు జంట నాగుల శిలలు వీనికన్న వేఱు. అవి సంతానార్థులు పూజించునవి.

ఒక పాము గల దండము వైద్యునిది. రెండు పాములు గల కోల వర్తకునిది. ఈ భేదము బొమ్మలోనిదే యని తోచవచ్చును. మహాభారతము ఆదిపర్వములోని యొక కథను స్మరించినచో దీని బరువు తెలియును.

తిరిగిపోయిన వైద్యుడు

పరీక్షిన్మహారాజు వేటలో అలసి, మౌనవ్రతమున నున్న శమీక మహర్షి మెడలో చచ్చిన పామును వింటికొప్పుతో నెత్తి వైచెను. మహర్షి కుమారుడగు శృంగి అది విని, ఏడవనాటికి తక్షకుని విషముచే రాజు మరణించునని శపించెను. రాజు ఒంటిస్తంభపు మేడ కట్టించి, వైద్యులను, ఓషధులను, మంత్రసిద్ధులను చుట్టును నిలుపుకొనెను. మంత్రమున్నదని మందును, మందున్నదని మంత్రమును ఆతడు విడువలేదు.

ఏడవ దినమున కాశ్యపుడను విప్రుడు రాజును బ్రతికింప హస్తినాపురమునకు పోవుచుండెను. విషవైద్యమున ఆతడు సాటిలేనివాడు. దారిలో తక్షకుడు వృద్ధబ్రాహ్మణ రూపమున ఎదురై, ఆతని శక్తిని పరీక్షింపగోరి, ఒక మఱ్ఱిచెట్టును కఱచెను. చెట్టు భస్మమయ్యెను. కాశ్యపుడు ఆ భస్మమును ప్రోగుచేసి మొలకను, ఆకులను, కొమ్మలను క్రమముగా రప్పించి చెట్టును తిరిగి నిలిపెను. ఆ చెట్టుమీద కట్టెలకై యెక్కి దగ్ధుడైన మనుష్యుడొకడు దానితోపాటే బ్రతికెను.

అప్పుడు తక్షకుడు, “రాజువద్ద నీవు కోరు ధనమును నేనే యిత్తును, మరలిపొమ్ము” అనెను. కాశ్యపుడు దివ్యదృష్టితో చూచి, రాజునకు ఆయువు తీరినదని తెలిసికొని, ధనము గైకొని మరలెను. అంతట తక్షకుడు ఫలములోని చిన్న పురుగై మేడ ప్రవేశించి రాజును కాటువేసెను. బ్రతికివచ్చిన ఆ కట్టెలవాని వలననే దారిలోని వృత్తాంతము నగరమునకు తెలిసెను.

ఆయువు తీరినదన్న సమాధానము కాశ్యపునకుండవచ్చును. జనమేజయుని మనస్సున నాటినది మాత్రము తండ్రివద్దకు రాగల వైద్యుడు రాకుండ చేయబడెనను దుఃఖము. బూడిదనుండి మఱ్ఱిచెట్టును మొలిపించిన విద్య రాజద్వారము చేరక దారిలోనే విక్రయమయ్యెను. వైద్యుని దండము వర్తకుని కోలగా మాఱుట యనగా ఇదియే. వైద్యుడు జీతము గైకొనుట దోషము కాదు. రోగివైపు నడచుచున్నవాడు ధనముకొఱకు వెనుదిరుగుటయే దోషము.

మందరము – వాసుకి

దండసర్పముల కలయికను మన పురాణములలో వెదకినచో క్షీరసాగర మథనము కన్నులకు కట్టును. మందరగిరి కవ్వపుకోల. దానిని చుట్టుకొన్నవాడు వాసుకి. కోల క్రుంగకుండ క్రింద కూర్మరూపుడగు శ్రీహరి ఆధారము. మథింపగా ముందు వెలువడినది హాలాహలము. ఆ విషమును శంకరుడు కంఠమున నిలిపిన పిదపనే మథనము సాగినది. శ్రీహరి యంశమున నుదయించిన ధన్వంతరి అమృతకలశముతో కడపట వెలువడెను. సర్పమును దండమును కలిసి తిరిగినప్పుడు విషమును అమృతమును ఆ యొక్క సముద్రమునుండియే పుట్టినవి.

గ్రీకులు మననుండి గ్రహించిరని గాని, మనవారు గ్రీకులనుండి గ్రహించిరని గాని దీనివలన చెప్పరాదు. దూరదేశముల పెద్దలు ఒకే సత్యమును వేర్వేఱు కథలుగా చెప్పియుందురు.

ధన్వంతరి మూర్తిని గమనించినచో చేత సర్పము లేదు. శంఖచక్రములు, అమృతకలశము, జలౌక, అనగా జలగ, ఉన్నవి. చెడురక్తమును తీయుటకు సుశ్రుతసంహిత జలౌకలను విధించినది. కఱచు ప్రాణియే వైద్యుని చేతిలో ఉపకారియైనది. దండసర్ప చిహ్నము చెప్పు మాటయు ఇదియే.

వ్యాకరణము చూపు దారి

విషమను శబ్దమునకు మూలము వ్యాప్త్యర్థకమగు “విష్” ధాతువు. శరీరమంతట వ్యాపించునది గనుక విషము. విష్ణుశబ్దమునకు చెప్పు వ్యుత్పత్తులలో నొకటి ఈ ధాతువునుండియే. జగత్తంతట వ్యాపించువాడు గనుక విష్ణువు. ఒకే ధాతువునుండి చంపునదియు రక్షించువాడును వచ్చుట భక్తులు మననము చేయదగిన విషయము. వ్యాప్తి శక్తి మాత్రమే. అది యెవరి యధీనమున నున్నదన్నదే ప్రశ్న.

దండశబ్దము “దమ్” ధాతువునుండి పుట్టినది. దానికి శమింపజేయుట, అదుపుచేయుట అర్థము. సర్పము వ్యాపించు శక్తి; దండము దానిని నిలుపు నియమము. పాము కఱ్ఱను వదలినచో నేలమీది భయము. కఱ్ఱను చుట్టుకొని నిలిచినచో అది ఔషధము. విష్ణుసహస్రనామములలో “దండః” అను నామము కలదు, “భుజగోత్తమః” అను నామము కలదు. “వైద్యః”, “భేషజం”, “భిషక్”, “ఔషధం” అను నామములును కలవు. కఱ్ఱయు పామును, మందును వైద్యుడును ఆ స్వామియే. అందులో “సుపర్ణః”, “భుజగోత్తమః” అను నామములు ప్రక్కప్రక్కనే యున్నవి. గరుడుడును సర్పమును భగవంతునియందు వైరము మఱచి యిమిడియున్నట్లు భావింపవచ్చును. అహోబిలమున గరుడుడు తపము చేసిన గరుడాద్రి ఆదిశేషుని నడుముపైననే యున్నదని స్థలపురాణముల యాశయము.

శేషుడు వైద్యుడైన కథ

శ్రీవైష్ణవులకు శేషశబ్దము మిక్కిలి ప్రియమైనది. తనకొఱకు గాక పరునికొఱకే యుండునది శేషము. స్వామికి శయ్యయై, ఆసనమై, గొడుగై, పాదుకయై సేవచేయువాడు గనుక ఆతడు శేషుడు. లక్ష్మణుడును భగవద్రామానుజులును ఆతని యంశమనియే సంప్రదాయము.

ఆ శేషుడు వైద్యుడైన కథ పదునాఱవ శతాబ్దివాడగు భావమిశ్రుడు రచించిన భావప్రకాశమున కలదు. అనంతుడు భూలోకవృత్తాంతము తెలిసికొన చారునివలె వచ్చి, వ్యాధులచే తపించు జనులను చూచి జాలినొంది, ఒక ముని యింట జన్మించెను. చారునివలె వచ్చినందున చరకుడని ప్రసిద్ధినొందెను. పతంజలి మహర్షియు శేషాంశమే యని పెద్దలు నమ్ముదురు. మహాభాష్యమున వాక్కును, యోగమున మనస్సును, వైద్యమున శరీరమును శుద్ధిచేసినవాడని ఆయనను స్తుతింతురు. విషమున్న ప్రాణికి జాలి కలిగి జనుల బాధ తీర్ప వచ్చెనని చెప్పు ఈ కథకన్న దండసర్ప చిహ్నమునకు చక్కని భాష్యము వేఱొకటి కనబడదు.

విషమే మందైన తీరు

తీక్ష్ణమైన విషమును యుక్తితో వాడినచో ఉత్తమ ఔషధ మగుననియు, మంచి ఔషధమును యుక్తి తప్పి వాడినచో తీక్ష్ణవిష మగుననియు చరకసంహిత సూత్రస్థానము బోధించుచున్నది. ఆయుర్వేదము ఎనిమిది అంగములలో అగదతంత్రము విషచికిత్సకు సంబంధించినది. సుశ్రుతసంహిత కల్పస్థానమున పడగగల దర్వీకరములు, మండలాకారపు మచ్చలుగల మండలులు, చారలుగల రాజిమంతములు అని సర్పభేదములు వర్ణింపబడినవి.

నేటి వైద్యమున విషమే మందైన విధము మఱింత స్పష్టము. పాము విషమును మిక్కిలి స్వల్పమాత్రలతో గుఱ్ఱమున కెక్కించి, క్రమముగా మాత్ర పెంచుదురు. గుఱ్ఱపు రక్తమున విషమును ఎదిరించు పదార్థము పుట్టును. దానిని శుద్ధిచేసినచో విషహర ఔషధము సిద్ధించును. 1890 దశకమున కాల్మెట్ అను ఫ్రెంచి వైద్యుడు ఇట్టి మందును సిద్ధపఱచెను. మన దేశమున వాడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగు జాతుల విషములకు పనిచేయును. ఇందుకు వలయు విషమును సేకరించుటలో తమిళనాడునందలి ఇరుళ జాతీయులు 1978లో స్థాపించుకొన్న సహకార సంఘమునకు ప్రముఖ స్థానము కలదు. పాములను చంపి చర్మమమ్ముకొని బ్రతికినవారే నేడు పామును పట్టి, విషము తీసి, తిరిగి అడవిలో విడుచుచున్నారు.

కాటుపడినవాని యింటివారికి

ఇంతవఱకు చెప్పినది అర్థవిచారము. ఇక నాచరింపవలసినది కలదు. 2000 మొదలు 2019 వఱకు ఇరువది సంవత్సరములలో మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని, అనగా ఏటేట సగటున 58,000 మంది యని, 2020లో ప్రకటితమైన పరిశోధన లెక్కవేసినది. మృతులలో అధికులు పల్లెవారు. వానకాలమున మరణములు మెండు. ఈ మరణములను 2030 నాటికి సగమునకు తగ్గింపవలెనని కేంద్రప్రభుత్వము 2024లో జాతీయ ప్రణాళిక ప్రకటించినది. మందు లేక చనిపోవువారికన్న మందువద్దకు ఆలస్యముగా చేరి చనిపోవువారి విషయమై యింటివారు ఎక్కువగా ఆలోచింపవలెను. ఆ యాలస్యమును తగ్గించుట వారి చేతిలోని పని.

కాటుపడినవానికి ధైర్యము చెప్పవలెను. నడిపింపరాదు. ఉంగరములు, కడియములు, బిగుతుగా నున్నవి తీసివేయవలెను. కాటుపడిన కాలికో చేతికో బద్దను ఆనించి మెత్తగా కట్టి కదలకుండ నుంచవలెను. గాయమును కోయుట, నోటితో పీల్చుట, త్రాటితో బిగియగట్టుట కూడదు. 108కి కబురు చేసి, విషహర ఔషధమున్న వైద్యశాలకు వెంటనే చేర్పవలెను. పామును వెదకుచు కాలము పుచ్చరాదు. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచినచో నొప్పియు గాటును అంతగా తెలియవు. తెల్లవాఱుజామున కడుపునొప్పి, కనుఱెప్పలు వాలుట, మాట తడబడుట కనబడినచో అనుమానింపవలెను. మంచముపై దోమతెరలో నిద్రించుట రక్షణ.

గరుడమంత్రము జపించువారు బండిలో పోవుచు జపింపవచ్చును. పరీక్షిత్తు మంత్రజ్ఞులతోపాటు వైద్యులను సైతము నిలుపుకొనెనుగదా. పూర్వులు ఆలయమును వైద్యశాలను వేర్వేఱుగా తలపలేదు. వీరరాజేంద్ర చోళుని కాలపు తిరుముక్కూడల్ శాసనము శ్రీవేంకటేశ పెరుమాళ్ ఆలయమున పదునైదు మంచముల వైద్యశాలను పేర్కొనుచున్నది. కాకతీయ రుద్రమదేవి కాలమున 1261లో వ్రాయబడిన మల్కాపుర శాసనమున ఆరోగ్యశాల, ప్రసూతిశాల కలవు. స్వామి “భిషక్” అని సంకీర్తించుచు భిషక్కు వద్దకు పోకుండుట సంకీర్తనమునకు తగదు.

ఎగువ అహోబిలమున జ్వాలానృసింహుని సన్నిధికి ఎక్కు యాత్రికులు చేతికఱ్ఱ ఊతగా పట్టుకొని రాళ్లనడుమ నడతురు. పైన ఉగ్రస్తంభము నిలిచియున్నది. పాదముల క్రింద శేషుని దేహమను కొండ. ఆ కొండమీద అడుగుపెట్టువారు పాము కనబడినచో దానిని కొట్టక, దారియిచ్చి, కఱ్ఱతో నేల తట్టుచు సాగుదురు. ఆ కఱ్ఱయు ఆ పామును వైద్యశాల గోడమీద మరల కనబడినప్పుడు పసివానికి చెప్పవలసిన సమాధానము చిన్నదే. భగవంతుని నియమమునకు లోబడిన విషము మందగును. లోబడని విద్య, కాశ్యపుని విద్యవలె, దారిలోనే తిరిగిపోవును. శేషశాయి వైద్యులకు మరలిపోని పాదములను, రోగులకు ఆలస్యము చేయని బంధువులను ప్రసాదించుగాక.